కిర్రుమనే కుర్చీ

గ్రంథాలయానికి తను అల్లిచ్చిన ఆరు పేము కుర్చీల్లో ఆఖరిది కూడా తెగిందన్న కబురు మడతమ్మకి శుక్రవారం పొద్దున అందింది. తెగడమంటే ఏదో ఒక బద్ద లేవడం కాదు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తన మానాన పేపరు చదువుకుంటూ ఉన్నట్టుండి నడుం దాకా కుర్చీలోకి దిగబడిపోయాడు. కాళ్ళు గాల్లో, పేపరు చేతిలో. లేపబోయినవాళ్ళతో, "ఉండండయ్యా, ఈ వార్త అవనీండి" అన్నాడట.

ఇంకెవరి కుర్చీయో అయితే మడతమ్మ కూడా నవ్వేది.

"వినడానికి బాగానే ఉందమ్మా," అన్నాడు లైబ్రేరియన్, ఆమె వచ్చి నిలబడగానే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఆయన తుంటి విరిగుంటే నేనేం చెప్పుకోను? ఏడు నెలలు తిరక్కుండా ఆరుకి ఆరూ పోయాయి. సోమవారం పదింటికి కమిటీ ఉంది. మిగతా అరవై కుర్చీలు మీకివ్వాలా వద్దా అన్నది ఆ రోజు తేలిపోవాలి."

"సోమవారానికి ఇందులో ఒకటి మళ్ళీ అల్లి తెస్తాను సార్. అది చూసి చెప్పండి."

"తెండి. చూడనని ఎందుకంటాను?" ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ వదినగారు మాత్రం మిమ్మల్ని ఒక్క మాట పడనివ్వలేదు సుమా. మొన్న వచ్చారు. 'దాని చెయ్యి ఇంకా కుదరలేదండీ, తప్పు పట్టకండి. కావాలంటే ఆ అరవై నేనే చేసిపెడతా' అన్నారు. పోయిన నెల కూడా వచ్చారు, ఏమన్నా తెగాయా అని. అప్పటికి ఒక్కటీ తెగలేదు."

మడతమ్మకి తల కొట్టేసినట్టయింది. సిగ్గు ఒక పక్క, వదిన మీద ప్రేమ ఇంకో పక్క. పాపం, తన పరువు పోతుందేమోనని ఆవిడే ముందు వచ్చి అడ్డం నిలబడింది అనుకుంది. ఆరు కుర్చీలూ ట్రాలీ బండి ఎక్కించి, ఎవరినో సాగనంపుతున్నదానిలా తలొంచుకుని వెనకాలే నడిచింది.

మడతమ్మ అన్న పేరు ఆమెకి ఊరికే రాలేదు. ఇరవై ఆరేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో మడతల బల్ల దగ్గర నిలబడింది. కాలరు కింద అట్టముక్క, చేతులు వీపు మీదికి, మూడు మడతలు, నాలుగు గుండుసూదులు. నిమిషానికి రెండు చొక్కాలు. ఆ చేతివాటం ఇంటిదాకా వచ్చింది. తువ్వాళ్ళు, దుప్పట్లు, ఆఖరికి కరెంటు బిల్లు కూడా చొక్కాలాగే మడతపడేది. బస్సు నడిపే ఆమె మొగుడు డిపోలో అందరికీ చెప్పేవాడు, "నేను కాసేపు కదలకుండా పడుకున్నాననుకో, నన్నూ మడిచి బీరువాలో పెట్టేస్తుంది" అని.

ఆమెకి నలభై తొమ్మిదేళ్ళప్పుడు ఫ్యాక్టరీకి మడతల యంత్రం వచ్చింది. ముప్ఫై మంది ఆడవాళ్ళని ఒకే పూట ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆరు నెలలపాటు మడతమ్మ మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెట్టింది. మనిషికి తిండి లేకపోయినా నాలుగు రోజులు గడుస్తుందిగానీ, పనికి అలవాటుపడ్డ చేతికి పని లేకపోతే ఒక్క పూట గడవదు.

అప్పుడు పిలిచింది ఈ వదినే, ఆమె ఆడబిడ్డ. మొగుడికి స్వయానా అక్క. వాళ్ళ నాన్న పేము కుర్చీలు అల్లేవాడు. కొడుకు స్టీరింగు పట్టుకుంటే కూతురు దుకాణం పట్టుకుంది. అరవై దాటినా నోటితో బద్ద పట్టి చేత్తో లాగితే తెగాల్సిందేగానీ జారేది కాదు.

"రావే మరదలా," అంది ఆవిడ. "ఇంట్లో బట్టలైపోయాక గోడలు మడతపెడతావా ఏంటి? వచ్చి నా పక్కన కూర్చో. చేతనైతే నేర్చుకో, చేతకాకపోతే టీ పెట్టు."

వెళ్ళి కూర్చుంది. బద్దలు ఎంతసేపు నానబెట్టాలో, చట్రంలోని బెజ్జాల్లో చెక్క మేకులు ఎలా బిగించాలో, నిలువు జంటలు, అడ్డ జంటలు, వాటి మీద మూల నుంచి మూలకి పోయే ఏటవాలు బద్దలు, అన్నీ నేర్చుకుంది. వేళ్ళు కోసుకుపోయి, అన్నం కలుపుకుంటే భగ్గుమనేది. అయినా మానలేదు. మొదటి కుర్చీ పూర్తయిన రోజు దాన్ని ఎండలో పెడితే, కింద నేల మీద ఎనిమిది మూలల వెలుగు బిళ్ళలు వరసలు వరసలుగా పడ్డాయి. మడతమ్మ వాటి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. లక్షల చొక్కాలు ఆమె చేతుల మీదుగా పోయాయి. కత్తిరించింది ఒకరు, కుట్టింది ఒకరు, తొడుక్కున్నది ఇంకెవరో. ఇది మొదటి ముడి నుంచి ఆఖరి ముడి దాకా తనది. ఆ కుర్చీని ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టుకుంది, మొగుణ్ణి తప్ప ఇంకెవరినీ కూర్చోమనకుండా.

ఒక్క అనుమానం మాత్రం మొదటి నుంచీ ఉండేది.

"వదినా, ఏటవాలు లాగుతుంటే కిర్రుమంటోంది. ఎక్కడో రాసుకుంటున్నట్టు లేదూ?"

"కిర్రుమంటేనే గట్టిది, పిచ్చిదానా! కూర్చున్నప్పుడు కుర్చీ పలకాలి. పలకని కుర్చీని, పలకని మొగుణ్ణి నమ్మకూడదు."

మడతమ్మ నవ్వి నమ్మింది. ఆడబిడ్డ తన కుర్చీలకి ఏటవాలు వేసే వేళకి సరిగ్గా ఆవిడకి టీ తాగాలనిపించేది. మడతమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉండేది. అది కూడా ఆమెకి అప్పట్లో వింతగా తోచలేదు.

ఇప్పుడు ఆరు కుర్చీలూ పెరటి వరండాలో వరసగా నిలబడి ఉన్నాయి, బడి మానేసి పట్టుబడ్డ పిల్లల్లా. మడతమ్మ ఒక్కొక్కదాన్నే తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ తన వేళ్ళని తానే తిట్టుకుంది. చొక్కాలు మడిచే చేతికి ఇంత పెద్ద పని ఎందుకు అనుకుంది. యాభై దాటాక కొత్త విద్యా, గాడిదగుడ్డూ అనుకుంది.

నాలుగో కుర్చీ దగ్గర ఆగింది. మళ్ళీ మొదటిదానికి వెళ్ళింది. రెండోది, మూడోది. ఆరూ ఒకే చోట తెగాయి. నిలువు బద్ద ఒక్కటి తెగలేదు, అడ్డ బద్ద ఒక్కటి తెగలేదు. అన్నిట్లోనూ ఏటవాలే, అది నిలువు జంట మీదికి ఎక్కే చోటే, రంపంతో కోసినట్టు అరిగి తెగింది.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఒక మాట అనేది. ఒక చొక్కాలో తప్పుంటే అది చేతిది. ఇరవై చొక్కాల్లో ఒకే చోట తప్పుంటే అది కత్తిరింపు అచ్చుది. చేతిని తిట్టకు, అచ్చుని తియ్యి.

మడతమ్మ లేచి లోపలికి వెళ్ళింది. కిటికీ పక్కన మామగారి కుర్చీ ఉంది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు, కుర్చీ వయసు నలభై. ఆమె మొగుడు అందులో తప్ప ఇంకెక్కడా కూర్చోడు. కూర్చుని కూర్చుని అది దోసిలిలా లోతు పడిందేగానీ ఒక్క బద్ద తెగలేదు. ఆయన అందులోనే కూర్చోవడం తండ్రి మీద ప్రేమ అనుకునేది ఇన్నాళ్ళూ. కుర్చీ మీద అరచెయ్యి పెట్టి బరువంతా మోపింది. చప్పుడు లేదు. ఇంకోసారి మోపింది. పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు.

దాన్ని తీసుకెళ్ళి భోజనాల బల్ల మీద బోర్లా వేసింది. వేలు పెట్టి ఏటవాలు బద్ద వెంట నడిచింది. నిలువు జంట కింద దూరింది, అడ్డ జంట మీదుగా పోయింది, మళ్ళీ నిలువు కింద, మళ్ళీ అడ్డం మీద. ప్రతి మూలలోనూ మెత్తగా ఒదిగి ఉంది. ఆమెకి నేర్పింది దీనికి సరిగ్గా తలకిందులు. అలా వేస్తే బద్ద మూలలో ఒదగదు. అంచు మీద ఎక్కి కూర్చుంటుంది. మనిషి కూర్చుని లేచిన ప్రతిసారీ రాసుకుంటుంది. ఆ రాపిడే కిర్రు.

మడతమ్మ వేలు ఇంకా ఆ బద్ద మీదే ఉంది. వదిన పోయిన నెల గ్రంథాలయానికి ఎందుకు వెళ్ళిందో అప్పుడు తెలిసింది. ఇంకా తెగలేదేమా అని చూడ్డానికి.

మూడింటికి డ్యూటీ దిగి వచ్చాడు మొగుడు. లంచ్ డబ్బా కింద పెట్టబోయి, బల్ల మీద బోర్లాపడ్డ కుర్చీని చూసి ఆగిపోయాడు.

"అదేంటి, నాన్న కుర్చీ బోర్లేశావు?"

"అది ఎందుకు కిర్రుమనదో చూద్దామని."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎన్నడూ లేనిది సబ్బు రెండుసార్లు రాసుకున్నాడు.

"ఏటవాలు ఏ దారిన పోవాలో నీకు తెలుసా?" అని అడిగింది వెనక నుంచి.

"నేను ఆ పని వదిలేసి ఎన్నేళ్ళయిందే..."

"ఎన్నేళ్ళయిందని అడగలేదు. తెలుసా, తెలీదా?"

కుళాయి కట్టేశాడు. "తెలుసు."

"నాకు తప్పు నేర్పారని కూడా?"

తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయిపోయాక కూడా ముఖానికి అడ్డంగానే పట్టుకున్నాడు. "అది మా ఇంటి పద్ధతే. నాన్న పైవాళ్ళకి నేర్పేటప్పుడు ఏటవాలు తిప్పి నేర్పేవాడు. ఎవరికైనా అంతే. ఏడాది తిరక్కుండా తెగుతుంది, తెగిన కుర్చీ మళ్ళీ మన గడపకే వస్తుంది అనేవాడు. నీ ఒక్కదానికని కాదు."

"పైవాళ్ళకి."

"ఆ."

"నేను ఈ ఇంటికొచ్చి ఎన్నేళ్ళయింది?"

ఆయన లెక్కపెట్టలేదు. "అక్క చెప్పొద్దంది. దాని బతుకు అది. నువ్వు నాలుగు రోజులు సరదాపడి మానేస్తావులే అనుకున్నాం."

అనుకున్నాను అనలేదు, అనుకున్నాం అన్నాడు. అక్కా తమ్ముడూ ఎప్పుడో, ఎక్కడో, బహుశా ఈ బల్ల దగ్గరే ఆమె టీ పెట్టడానికి లేచినప్పుడు మాట్లాడుకున్న మాట అది. రెండేళ్ళు ఆ మాట ఈ ఇంట్లో ఆమెతోపాటే తిని, ఆమె పక్కనే పడుకుంది.

"నా కుర్చీలో నువ్వు ఒక్కసారి కూర్చోలేదు," అంది మడతమ్మ. గొంతు పెంచలేదు. "కూర్చోవయ్యా అంటే, 'కొత్తది, నలుగుతుంది' అన్నావు. నా పని మీద ఎంత అపురూపమో అని నలుగురికీ చెప్పుకున్నాను. నీ నడుం నువ్వు కాపాడుకున్నావు. ఆ లెక్కల మాస్టారి నడుం ఎవరు కాపాడాలి?"

"ఇద్దరాడవాళ్ళ మధ్య నేనెందుకు దూరడం అని..."

"ఆవిడ పక్కకి దూరి కూర్చునే ఉన్నావు. మధ్యలో ఎప్పుడున్నావు?"

ఆమె గిన్నెలో నీళ్ళు, పాత గుడ్డ తెచ్చి మామగారి కుర్చీ అల్లికని తడపడం మొదలుపెట్టింది. ఆయనకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె చిన్న కత్తి తీశాక అర్థమైంది.

"వద్దే! అది నాన్న చేతిది!"

"నాన్న ఉంటే ఆయన్నే అడిగేదాన్ని. లేడుగా. కుర్చీని అడుగుతున్నా."

అంచు ముడులు కోసి, ఏటవాలుతో మొదలుపెట్టి బద్దలన్నీ ఒక్కొక్కటే వెనక్కి లాగింది. ప్రతి బద్ద ఎక్కడ దూరిందో, ఎక్కడ తేలిందో పాత పేపరు మీద పెన్సిలుతో గీసుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. సాయంత్రానికి కిటికీ పక్కన ఖాళీ చట్రం మిగిలింది. ఆయన ఆ రాత్రి అన్నం గడప మీద కూర్చుని తిన్నాడు.

శనివారం దుకాణం తలుపు తీసేసరికి మడతమ్మ మెట్ల మీద ఉంది. ఆడబిడ్డ ముఖం చూడగానే తమ్ముడు ఫోను చేశాడని తెలిసిపోయింది. అయినా ఆవిడ తొణకలేదు. స్టూలు లాక్కుని, ఒళ్ళో బద్దల కట్ట పెట్టుకుని కూర్చుంది.

"తిట్టదలుచుకుంటే తిట్టు. బేరాలొచ్చేలోపు కానీ."

"ఎందుకు చేశావు వదినా?"

"మా నాన్న నాకేమిచ్చాడే? ఇల్లు తమ్ముడికి. చదువు తమ్ముడికి. నాకు ఈ ఏటవాలు వంపు ఒక్కటి. అది కూడా పంచిపెట్టమంటావా?"

"పంచనని మొదటే అనాల్సింది. పిలిచింది నువ్వు."

"పిలిచాను. ఇంట్లో కుళ్ళిపోతున్నావని పిలిచాను. నీకు ఇంత పిచ్చి పట్టుకుంటుందని నాకేం తెలుసు?" బద్ద ఒకటి తీసి గోటితో గీరింది. "చేతకానిదానివైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని. నీ చెయ్యి నా చెయ్యికన్నా బాగుంది. నీ నిలువులు చూశాక నావి చూసుకోబుద్ధయ్యేది కాదు. నేర్పినదాన్ని నేనే, నా నోట్లో మట్టి కొట్టుకోమంటావా?"

మడతమ్మకి ఏడుపు అక్కడ వచ్చింది. తప్పు నేర్పినందుకు రాలేదు. రెండేళ్ళుగా ఈ ఒక్క మాట కోసం, నీ చెయ్యి బాగుంది అన్న మాట కోసం, పక్కన కూర్చుని ఎదురుచూసింది. అది ఇప్పుడా రావడం?

"మరి లైబ్రేరియన్‌తో నా చెయ్యి కుదరలేదని చెప్పావు."

ఆవిడ ఒళ్ళోని కట్టలో బద్దలు లెక్కపెట్టసాగింది.

"తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నాను. తడి పేముతో కూడా కోయొచ్చని నీ దగ్గరే నేర్చుకున్నా," అంది మడతమ్మ.

"సరే, అయిందేదో అయింది." ఆడబిడ్డ గొంతు తగ్గింది. పక్కనున్న రెండో స్టూలుని కాలితో ముందుకి నెట్టింది. "ఇప్పుడు నీకూ తెలిసిపోయింది కదా. ఇక నువ్వూ ఇంటిదానివే. ఆ అరవై చెరిసగం చేద్దాం. ఎవరన్నా నేర్పమని వస్తే తిప్పి నేర్పుదాం. మనలో మనం."

మడతమ్మ ఆ స్టూలు వంక చూసింది. రెండేళ్ళు తను కూర్చున్నదే. ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క కూడా తనే పెట్టింది.

"నన్ను పైదాన్ని చేసింది నువ్వు. నేను పైదానిగానే ఉంటాలే," అని మెట్లు దిగింది.

"ఏమే! పైవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరుగుతావా?" అని ఆడబిడ్డ వెనక నుంచి అరిచింది.

"చెప్పను వదినా. అడిగినవాళ్ళకి అల్లి చూపిస్తా."

సోమవారం కమిటీలో ముగ్గురున్నారు. నాలుగోవాడు, ఎవరూ పిలవకపోయినా, లెక్కల మాస్టారు. తనకన్నా అనుభవమున్నవాడు ఈ విషయంలో ఇంకెవరున్నారని ఆయన వాదన. మడతమ్మ ఒక్క కుర్చీ తెచ్చి నేల మీద పెట్టింది. మాస్టారు ముందు ఒక చెయ్యి మోపాడు, తర్వాత రెండు, ఆ తర్వాత ధైర్యం చేసి కూర్చుని అటూ ఇటూ ఊగాడు.

"ఇది పలకడం లేదే?"

"పలకదు సార్. పలకకూడదు."

"మరి అవి ఎందుకు పలికాయి?" అని లైబ్రేరియన్ అడిగాడు.

మడతమ్మకి నిజం నోటిదాకా వచ్చింది. వదిన ముసలి వేళ్ళు, ఇంటి పేరు, మొగుడి ముఖానికి అడ్డంగా ఉన్న తువ్వాలు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"అచ్చులో తప్పుంది సార్. చేతిలో లేదు."

వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఒక్క కుర్చీ చూసి అరవై ఇవ్వలేమన్నారు. మిగతా ఐదూ అల్లి తెమ్మన్నారు. ఏడు నెలలు చూస్తారట. అంతవరకు ఆ అరవై ఇంకెవరికీ ఇవ్వరట, అడిగినవాళ్ళు ఎవరైనా సరే. ఆ ఆఖరి ముక్క లైబ్రేరియన్ ఆమె వంక చూడకుండా అన్నాడు. మాస్టారు మాత్రం ఆ కుర్చీలోంచి లేవలేదు, పేపరు తెప్పించుకున్నాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి మొగుడు ముందుగదిలో నిలబడి ఉన్నాడు. మూడు రోజులుగా నిలబడే ఉంటున్నాడు, లేకపోతే గడప. పొద్దంతా స్టీరింగు దగ్గర కూర్చుని వచ్చే మనిషికి ఇంట్లో కూర్చోవడానికి చోటు లేదు.

"ఏమన్నారు?"

"చూద్దామన్నారు."

"మంచిదే కదా." కిటికీ పక్కనున్న ఖాళీ చట్రం వైపు చూశాడు. "నాన్న కుర్చీ ఎప్పుడల్లుతావు?"

"పైవాళ్ళవి ఐదున్నాయి. అవయ్యాక."

కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. కంచం ఆయన చేతికి ఇవ్వకుండా, ముందుగదిలో రెండేళ్ళుగా ఎవరూ కూర్చోని తన మొదటి కుర్చీని బల్ల దగ్గరికి జరిపింది.

"కూర్చో."

ఆయన కుర్చీని చూశాడు, ఆమెని చూశాడు. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ ఆమె అలా నిలబడి చూడలేదు. మెల్లగా వంగి, బల్ల అంచు పట్టుకుని, కూర్చున్నాడు. కిర్రుమంది.

"నిండుగా కూర్చోవయ్యా. నేనల్లిందేగా."

పాదాలు నేలకి తన్నిపెట్టి, బ్రేకు మీద ఉన్నవాడిలా సగం గాల్లోనే ఉన్నాడు. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. తొడలు వణకడం మొదలుపెట్టాయి. మడతమ్మ వరండాలోకి వెళ్ళి, రెండో కుర్చీకి బద్దలు నానబెట్టింది. లోపలి నుంచి ముద్ద ముద్దకీ కిర్రు, కిర్రు వినిపిస్తూనే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.